కోరీలకు తిండి పెట్టండర్రా

చిట్టీ, బుజ్జీ,

వీడియో కాల్లో చూపించిన రెండు చేపలూ ముద్దొచ్చాయి. కంచు రంగు ఒళ్లు, మూతి కింద మీసాలు. వాటిని కోరీడోరాస్ అంటారు, పెంచేవాళ్లకు కోరీలు. "తొట్టి అవే శుభ్రం చేస్తాయట తాతయ్యా, తిండి పెట్టక్కర్లేదట" అన్నావు చూడు చిట్టీ, ఆ మాటకే ఈ ఉత్తరం.

అవి పెంట తినవమ్మా. పైచేపలు వదిలేసిన మెతుకు అడుగున దొరికితే తింటాయి, అంతే. మీ గప్పీలు ఏం మిగులుస్తాయి గనక? నీళ్లలో మునిగే గుళికలు తెచ్చి, రాత్రి లైటు ఆర్పాక నాలుగు వెయ్యండి. రెండు చేపలు చాలవు, బిక్కుబిక్కుమంటూ మూల నక్కుతాయి. కనీసం ఆరుండాలి. తొట్టి చిన్నదైతే ముందు నాన్నను అడిగి పెద్దది తెప్పించుకోండి.

మన జెల్లలకు పొలుసులుండవు, చేతిలో జారిపోతాయి. కోరీలదీ ఆ మీసాల వంశమే, కానీ ఇవి దక్షిణ అమెరికా నదుల్లోవి. ఒంటికి అటూ ఇటూ రెండేసి వరసల ఎముక పలకలు, పెంకుటింటి పెంకుల్లా. డార్విన్ బీగిల్ ఓడలో వెళ్లి తెచ్చిన చేపల్లో మచ్చల కోరీ కూడా ఉంది. దానికి 1842లో జెనిన్స్ అనే ఆయన పేరు పెట్టాడు. జెల్లకున్నట్టే వీటి రెక్కల్లోనూ ముళ్లుంటాయి. భయపడితే బిగదీసుకుంటాయి, వలలో చిక్కుకుంటే విడదీయలేం. పట్టాలంటే వల వద్దు, గ్లాసుతో ముంచండి.

ఇంత కవచం ఉన్నా మీసాలు మాత్రం మహా సుకుమారం. తిండి వెతకడమంతా వాటితోనే. మీ తొట్టిలో పరిచిన ఆ రంగురంగుల పదును రాళ్లు తీసేసి, సన్నటి ఇసుక బాగా కడిగి పొయ్యండి. ముక్కు దాకా ఇసుకలో దూర్చి, మొప్పల్లోంచి వదులుతుంటే చూడాలి, నాకైతే టీవీ అక్కర్లేదు.

ఉన్నట్టుండి ఒకటి రివ్వున పైకొచ్చి గాలి మింగి కిందికి పోతుంది. కంగారుపడకండి, ఆ గాలిని పేగుతో పీల్చుకుంటుంది. అస్తమానం అదే పనైతే మాత్రం నీళ్లు పాడయ్యాయన్నమాట. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, కుళాయి నీళ్లయితే క్లోరిన్ మందు కలిపాకే. ఏ జబ్బుకైనా గుప్పెడు ఉప్పు వేసే పాత అలవాటు నాది. కోరీలు ఉప్పుకు ఓర్చవని తెలిసేసరికి మూడు పోయాయి.

షాపులో సక్కర్ చేప అంటగడితే తీసుకోకండి. అదీ కవచం చేపే, కానీ అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేక జనం చెరువుల్లో వదిలేస్తే అక్కడి చేపల కూడు అది తింటోంది.

చల్లటి నీళ్లు మార్చిన మర్నాడు అద్దానికి సగ్గుబియ్యంలాంటివి అతుక్కుని ఉంటే గుడ్డతో తుడిచేసేరు! అవి గుడ్లు. తల్లి పొట్టకింది రెక్కల మధ్య పట్టుకొచ్చి కొన్ని కొన్నిగా అంటించి ఉంటుంది. వెంటనే నాకు ఫోన్ చెయ్యండి, ఏ వేళైనా సరే.

మీ తాతయ్య