బోండాం నీళ్లు, చిల్లు స్ట్రా, మిక్చర్ స్క్రూ

తిరుపతి నుంచి ఒక పాఠకుడు అడిగారు: ‘ఇంటి దగ్గర బుద్ధిగా నడిచే నా పాత పద్మిని కారు హార్స్‌లీ హిల్స్ ఎక్కగానే ఐడ్లింగ్‌లో దడదడలాడి ఆగిపోతోంది. సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన. దిగితే మామూలే. దిష్టి అంటున్నారు, నిజమేనా?’

కాదండీ. బంపరుకు నిమ్మకాయలు కట్టుకోండి, తప్పు లేదు. కాని జవాబు బోండాంలో ఉంది.

బోండాల బండి దగ్గర స్ట్రాతో తాగుతూ గమనించండి. మనం నీళ్లను లాగుతున్నామనుకుంటాం. నిజానికి నోట్లో పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీళ్లను పైకి నెడుతుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే, అంటే ఐడ్లింగ్‌లో, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్‌లో థ్రాటిల్ రేకు (గాలి దారికి తలుపు) దాదాపు మూసుకుపోతుంది. పిస్టన్లు మాత్రం పీలుస్తూనే ఉంటాయి. రేకు కింద పీడనం బయటి గాలిలో సుమారు మూడో వంతుకు పడిపోతుంది. అదే నోరు. కార్బురేటర్‌లో పెట్రోలు నిలవ ఉండే ఫ్లోట్ గదిలోని పెట్రోలే బోండాం నీళ్లు. రేకు దిగువన ఉన్న సన్నటి రంధ్రమే స్ట్రా కొస.

ఇప్పుడు స్ట్రా మధ్యలో పిన్నుతో చిల్లు పెట్టండి. నీళ్లతో బుడగలు కలిసి వస్తాయి. ఐడిల్ జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం) దాటిన పెట్రోలులోకి గాలి దూరే చిన్న దారి చేసేది ఇదే. పెట్రోలు నురగగా మారి తేలిగ్గా ఆవిరవుతుంది. ఇక కొసను వేళ్లతో నొక్కండి. వచ్చే నురగ తగ్గుతుంది. ఆ వేళ్లే మిక్చర్ స్క్రూ! రేకు అంచున దూరే గాలి అంతే ఉంటుంది, దానిలో కలిసే నురగ మారుతుంది. అందుకే లోపలికి తిప్పితే మిశ్రమం పలచన (పెట్రోలు తక్కువ), బయటికి తిప్పితే చిక్కన (పెట్రోలు ఎక్కువ). (కొన్ని బైకుల్లో స్క్రూ గాలి దారిలో ఉంటుంది, అక్కడ తలకిందులు.) వాయుపీడనం పాఠం చెప్పే మాస్టార్లు పిల్లలకు ఒక్కసారి బానెట్ ఎత్తి చూపిస్తే ఎంత బాగుంటుందో!

కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. అంటే లీటరుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. ఐడ్లింగ్‌లో కాలిన పొగ కొంత సిలిండర్‌లోనే మిగిలి మంటను మందగింపజేస్తుంది కాబట్టి కాస్త చిక్కదనం అవసరం. మరీ చిక్కనైతే మసి, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్. మూసిన షెడ్డులో ఈ స్క్రూ తిప్పే పని చేయకండి.

ఇంజిన్ వేడెక్కాక, చోక్ (చల్లని ఇంజిన్‌కు గాలి తగ్గించే మీట) పూర్తిగా తీసి, మిక్చర్ స్క్రూను అటూ ఇటూ పావు చుట్టు చొప్పున తిప్పండి. చెవి పెట్టి వినండి. వేగం ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో అక్కడ ఆపి, రేకును కాస్త తెరిచి ఉంచే ఐడ్లింగ్ స్క్రూతో వేగం తగ్గించి, మళ్లీ ఒకసారి చూడండి. స్క్రూను పూర్తిగా మూసి వెనక్కి తిప్పమని మెకానిక్కులు చెప్పే ‘ఒకటిన్నర చుట్టు’ మొదలుపెట్టే చోటు మాత్రమే.

మరి కొండ మీద? తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది, హార్స్‌లీ హిల్స్ 1,265. పైన గాలి పదో వంతు దాకా పలచన. కార్బురేటర్‌కు గాలి బరువు తూచడం తెలియదు. రంధ్రంలో పారే బరువు సాంద్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది; పెట్రోలు సాంద్రత మారదు, గాలిది తగ్గింది. ఈ లెక్కన బండి నడిచేటప్పుడు పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ దారిలోనే మిశ్రమం ఐదు శాతం దాకా చిక్కబడుతుంది. ఐడ్లింగ్‌లోనూ అటే మొగ్గుతుంది, పైగా దక్కే గాలే తక్కువ. మీ పద్మిని తిరుపతిలోనే కాస్త చిక్కగా ఉండి ఉంటుంది, కొండ మీద హద్దు దాటింది.

ముందు కింద సరిగా ట్యూన్ చేయించండి. అప్పటికీ పైన ఆగుతుంటే మిక్చర్ స్క్రూ పావు చుట్టులో సగం లోపలికి, ఐడ్లింగ్ వేగం కొంచెం పైకి. ఎంత తిప్పారో రాసి పెట్టుకోండి. భాకరాపేట ఘాట్ దిగి ఇల్లు చేరాక అంతే వెనక్కి తిప్పాలి.