డికాషన్ రంగు మూత్రం, డబ్బాలో పౌడర్

నెల్లూరులో మా బంధువుల కుర్రాడొకడు కిందటి వేసవిలో ఆసుపత్రి పాలయ్యాడు. పంతొమ్మిదేళ్ల వాడు. ఆర్మీలో చేరాలని ఒక ప్రైవేటు అకాడమీలో శిక్షణ తీసుకుంటున్నాడు. అక్క పెళ్లికని ఊరెళ్లి రెండు వారాలు ఉండిపోయాడు. తిరిగొచ్చిన రోజే, చెప్పిన తేదీకి రానందుకు, మాస్టారు ఐదు వందల బస్కీలు తీయించాడు. రెండో రోజుకు తొడలు వాచాయి. మూడో రోజు మెట్లు దిగలేకపోయాడు, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "పౌడర్ ఏమన్నా తాగుతున్నావా?" తాగుతున్నాడు. రోజుకో గ్లాసు పాలలో రెండు చెంచాల ప్రొటీన్ పౌడర్. ఇంకేముంది, వార్డంతా కలిసి తేల్చేసింది. వాళ్ల నాన్న ఇంటికెళ్లి ఆ డబ్బా తీసి పెంటకుప్పలో పారేశాడు. బస్కీల సంగతి ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న డాక్టర్లు మాత్రమే అడిగేది కాదు. మైదానంలోనో జిమ్‌లోనో కుర్రవాడు కూలితే టీవీల్లో, పేపర్లలో ముందు వచ్చేది అదే. సప్లిమెంట్లు వాడాడా, స్టెరాయిడ్స్ తీసుకున్నాడా అని. పాతికేళ్లకు పైబడి ఈ అలవాటు నడుస్తోంది, అదీ వేరే దేశంలో మొదలై.

1997 నవంబర్, డిసెంబర్ నెలల్లో, నెల రోజులు కాస్త అటూ ఇటూగా, అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు చనిపోయారు. నార్త్ కరొలైనాలో ఒకరు, విస్కాన్సిన్‌లో ఒకరు, మిషిగన్‌లో ఒకరు. అప్పటికి కండరాలకు బలమిస్తుందని వాడే క్రియాటిన్ అనే పౌడర్ కొత్తగా మార్కెట్లో ఊపందుకుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ తర్వాత దాని పేరు మారుమోగింది. దాంతో అనుమానం నేరుగా దాని మీదికే పోయింది, పత్రికలు రాశాయి, ప్రభుత్వ సంస్థలు ఆరా తీశాయి. 1998 ఫిబ్రవరిలో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం నివేదిక ఇచ్చింది. ముగ్గురూ పోటీకి ముందు బరువు తగ్గడానికి నీళ్లు మానేసి, చెమట ఆరని రబ్బరు సూట్లు తొడుక్కుని, వేడి గదుల్లో గంటల తరబడి కసరత్తు చేశారు. ఒంట్లో నీరు ఇంకిపోయి, వేడి తలకెక్కి పోయారు. ఆ తర్వాత కాలేజీ కుస్తీలో రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు, తూకం నిబంధనలు మార్చారు. నివేదిక వచ్చిన రోజు మాత్రం మొదటి వార్తంత పెద్ద అక్షరాలు పడలేదు. క్రియాటిన్ మీద మచ్చ అలాగే ఉండిపోయింది.

స్టెరాయిడ్ అనే మాటకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. కండలు పెంచే స్టెరాయిడ్లకు మూలమైన మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను ప్రయోగశాలలో 1935లో తయారు చేశారు. 1958లో సీబా కంపెనీ డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. బరువులెత్తేవాళ్లకు అది త్వరగానే చేరింది. ఒలింపిక్ కమిటీ స్టెరాయిడ్లను 1975లో నిషేధించి, మరుసటి ఏడాది మాంట్రియల్‌లో పరీక్షలు మొదలుపెట్టింది. అయినా ఊరూరా ఆ మాట తెలిసింది 1988 సియోల్‌లో. బెన్ జాన్సన్ వంద మీటర్లు 9.79 సెకన్లలో పరిగెత్తాడు, మూడు రోజులకు పతకం పోయింది. అప్పటి నుంచి "స్టెరాయిడ్" అంటే మోసం, "స్టెరాయిడ్" అంటే చావు. 1991లో లైల్ అల్జాడో అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు తన మెదడు క్యాన్సర్‌కు స్టెరాయిడ్లే కారణమని చెప్పి మరుసటి ఏడాది కన్నుమూశాడు. ఆ సంబంధాన్ని వైద్యశాస్త్రం ఎన్నడూ నిరూపించలేదు. కథ మాత్రం నిలిచిపోయింది.

మన ఇళ్లలో ఈ మాట ఇంకాస్త తికమకైంది. మొహానికి రాసుకునే బెట్నోవేట్ స్టెరాయిడే. ఆయాసానికి పీల్చేదీ స్టెరాయిడే. కృష్ణపట్నం మందు కోసం జనం బారులు తీరిన 2021 వేసవిలో కొవిడ్‌కు వాడిన డెక్సామెథసోన్ కూడా అదే. బ్లాక్ ఫంగస్ భయంతో ఆ ఏడాది ఆ పేరు మరీ చెడిపోయింది. ఇవేవీ కండలు పెంచేవి కావు, ఎక్కువ కాలం వాడితే కండను తినేసే రకం. కండలు పెంచే స్టెరాయిడ్లు వేరు. పాల విరుగుడు నుంచి తీసిన ప్రొటీన్ పౌడర్ పూర్తిగా వేరు. ఒక శీర్షికలో మూడూ ఒకే గంపలో పడతాయి.

సప్లిమెంట్లు తప్పు చేసిన సందర్భాలు లేవని కాదు. 2003లో స్టీవ్ బెక్లర్ అనే బేస్‌బాల్ ఆటగాడు ఫ్లోరిడాలో వడదెబ్బతో చనిపోయాడు. బరువు తగ్గడానికి అతను వాడిన ఎఫెడ్రా అనే మూలిక సప్లిమెంట్ కూడా అందుకు తోడైందని శవపరీక్ష చేసిన వైద్యుడు చెప్పాడు, 2004లో ఆ సరుకును అమెరికా నిషేధించింది. న్యాయమైన నిర్ణయమే. కానీ అదే ఎఫెడ్రాను అంతకు ముందు అడ్డం పెట్టుకున్న వాళ్లూ ఉన్నారు. 2001 ఆగస్టులో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో రషీదీ వీలర్ అనే కుర్రాడు పరుగు కసరత్తులో కుప్పకూలాడు. అతనికి ఆస్తమా ఉంది, మరణానికి అదే కారణమని అధికారిక నిర్ధారణ. విశ్వవిద్యాలయం వాదన మాత్రం ఎఫెడ్రా చుట్టూ తిరిగింది. నాలుగేళ్ల తర్వాత 1.6 కోట్ల డాలర్లు ఇచ్చి కేసు ముగించుకుంది.

2010 ఆగస్టు నాటి మెక్‌మిన్‌విల్ కథ మా కుర్రాడి కథకు మరీ దగ్గర. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో చిన్న ఊరు. హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుకు వేసవి శిబిరం. కొత్త కోచ్ పిల్లలను కుస్తీ గదిలోకి తీసుకెళ్లి, గడియారం పెట్టి, కుర్చీ పట్టుకుని దిగి లేవడం, దండీలు తీయడం ఒకదాని వెంట ఒకటి ఆపకుండా చేయించాడు. గది ఉక్కపోతగా ఉంది. రెండు మూడు రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు జబ్బున పడ్డారు. ముగ్గురికి మోచేతి పైన వెనక కండరం ఉబ్బి రక్తం ఆడకపోవడంతో కోత పెట్టి ఒత్తిడి తగ్గించాల్సి వచ్చింది. అప్పుడూ మొదటి వార్త క్రియాటిన్ గురించే. పిల్లలు వాడారా, ఎవరైనా ఇచ్చారా అని. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ పిల్లలందరినీ అడిగి, పరీక్షలు జరిపి చూస్తే మందులు, సప్లిమెంట్లు కారణమనడానికి ఏమీ దొరకలేదు. దొరికింది ఆ చేతుల కసరత్తే.

ఈ జబ్బు పేరు రాబ్డోమయోలిసిస్. నోరు తిరగని పేరే గానీ సంగతి సులువు. అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడితే కండరంలోని కణాలు పగిలి, లోపలి పదార్థాలు రక్తంలోకి వస్తాయి. వాటిలో మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ కిడ్నీ గొట్టాల్లో చేరి పాడు చేస్తుంది. డికాషన్ రంగు దానిదే. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. దీన్ని జిమ్ కనిపెట్టలేదు.  1941లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు, శిథిలాల కింద కాళ్లు నలిగి బతికి బయటపడినవాళ్లు కొద్ది రోజుల తర్వాత కిడ్నీలు ఆగి చనిపోవడాన్ని బైవాటర్స్ అనే వైద్యుడు నమోదు చేశాడు. ఆ నలిగిన వాళ్లెవరూ ప్రొటీన్ పౌడర్ తాగలేదు.

నాకో అనుమానం ఉంది, రుజువు లేదు. ఈ గందరగోళంలో సగం పేర్ల వల్ల వచ్చింది. కండరం పగిలిందని చెప్పే రక్తపరీక్ష పేరు క్రియాటిన్ కైనేజ్. మామూలుగా రెండు వందల లోపు ఉండేది ఈ జబ్బులో వేలు, పదివేలు దాటుతుంది. కిడ్నీ ఎలా ఉందో చెప్పేది క్రియాటినిన్. డబ్బాలో ఉన్నది క్రియాటిన్. రిపోర్టులో "క్రియాటిన్ కైనేజ్ నలభై వేలు" అని చూసిన విలేకరికి, చూసిన తండ్రికి ఏం తోచాలి? క్రియాటిన్ వాడేవాళ్లకు కిడ్నీ చెడకపోయినా క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించే మాట నిజమే, అది ఇంకో చిక్కు. పైగా మన వైపు కిడ్నీ అంటే ఉట్టి మాట కాదు. ఉమ్మడి ప్రకాశంలో కనిగిరి ప్రాంతం వాళ్లకు ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు తరాలుగా తెలుసు. కిడ్నీ దెబ్బతింది అనగానే తిన్నదీ తాగిందీ గుర్తుకురావడం అక్కడ సహజం. అన్నట్టు, నొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ సూది ఈ స్థితిలో కిడ్నీకి ఇంకా చెరుపు. దాని గురించి చర్చ పెట్టిన ఛానెల్‌ను నేను చూడలేదు.

2011 జనవరిలో అయోవా విశ్వవిద్యాలయంలో సెలవుల నుంచి తిరిగొచ్చిన ఫుట్‌బాల్ ఆటగాళ్లతో, వాళ్లెత్తగలిగే గరిష్ఠ బరువులో సగం భుజాన పెట్టి, గడియారం చూస్తూ వంద బస్కీలు తీయించారు. 13 మంది ఆసుపత్రిలో చేరారు. విచారణ సంఘం సప్లిమెంట్లను, మందులను పక్కన పెట్టి కసరత్తే కారణమంది. అదే ఏడాది ఆ కసరత్తు చేయించిన కోచ్‌కు జట్టులో ఉత్తమ సహాయ కోచ్ బహుమతి ఇచ్చారు.

మన దేశంలో ఇంతకన్నా పెద్ద ఎత్తున జరిగింది. 2024 ఆగస్టు 22న జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ల ఎంపికకు పరుగు పరీక్షలు మొదలయ్యాయి. మగవాళ్లు గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తాలి. రెండు వారాలు తిరక్కుండా పదిమందికి పైగా పోయారు. పలామూ ఆసుపత్రి వైద్యులు ఉత్తేజకాలు వాడి ఉంటారేమోనన్నారు, అది పెద్ద వార్తయింది. ముఖ్యమంత్రి కొవిడ్ టీకా వైపు వేలు చూపించారు. కానీ ప్రభుత్వం చేసిన మార్పులు చూస్తే వేరే సంగతి అర్థమవుతుంది. మూడు రోజులు ఆపేసి, తొమ్మిది తర్వాత ఎండలో పరుగు వద్దన్నారు. ఆ తర్వాత నిబంధనల్లో పది కిలోమీటర్లే పోయి 1.6 కిలోమీటర్లు వచ్చింది.

నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లకు 1.6 కిలోమీటర్లు కంఠతా వచ్చిన దూరం. మన రెండు జిల్లాలూ గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు కిందికి వస్తాయి. అక్కడ 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెడితే పూర్తి మార్కులు. పోలీసు కానిస్టేబుల్‌కు ఎనిమిది నిమిషాలు. దూరం పెద్దదేమీ కాదు. చిక్కంతా క్యాలెండర్‌లో ఉంది. మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, 2023 జనవరిలో ప్రిలిమ్స్ పెట్టారు. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబర్ 30న. దాదాపు రెండేళ్లు. ఆ మధ్యలో పిల్లలు ఏం చేస్తారు? కొంతమంది డెలివరీ పనుల్లో చేరారు, కొంతమంది రొయ్యల చెరువుల దగ్గర, కొంతమంది హైదరాబాద్‌లో. తేదీలు రాగానే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం, వీఆర్‌సీ మైదానం తెల్లారకముందే నిండిపోతాయి. రెండేళ్ల లోటు మూడు వారాల్లో పూడ్చాలి. మడమ నొప్పి, పిక్కల ఎముకలో చీలిక, మోకాలి చిప్ప దగ్గర వాపు, ఆసుపత్రికి చేరేవి ఎక్కువగా ఇవే. వీటికి ఏ పౌడరూ అక్కర్లేదు.

ఒంగోలు గిత్తలను బండలాగుడు పోటీలకు తయారు చేసేవాళ్లను అడిగితే ఈ సంగతి చిటికెలో చెబుతారు. పళ్లను బట్టి వయసు లెక్కగట్టి, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సీనియర్స్ అని విభాగాలు. పాలపళ్ల గిత్తను సీనియర్స్ బండకు కట్టరు. సాధన చల్లటి పొద్దున, బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ. ఉలవలు, పత్తిగింజలు, గుడ్లు దండిగానే పెడతారు. అయినా గిత్త కాలు మడిస్తే ఆసామిని అడిగేది "ఏం పెట్టావు" అని కాదు, "ఎంత బండ కట్టావు" అని.

స్టెరాయిడ్ల బెడద ఉంది, చాలానే ఉంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల్లో 2023లో భారత్ నుంచి 5,606 నమూనాలు పరీక్షిస్తే, స్టెరాయిడ్లతో సహా నిషేధిత మందులన్నీ కలిపి 214 పట్టుబడ్డాయి, 3.8 శాతం. అంత పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో మనదే ఎక్కువ. స్టెరాయిడ్ కాకపోయినా, జిమ్‌లలో రక్తపోటు పెంచే మెఫెంటర్మిన్ సూది దొంగచాటుగా అమ్ముతున్నారని పోలీసు కేసులు చాలా చోట్ల ఉన్నాయి. కానీ కండలు పెంచే స్టెరాయిడ్ చేసే చెరుపు వేరు. గుండె కండరం మందమవడం, కాలేయం చెడటం, వృషణాలు కుంచించుకుపోవడం, నెలలూ ఏళ్లూ పట్టే పనులు. బస్కీలు తీసిన మూడో రోజు మూత్రం నల్లబడితే దాని దారి మెఫెంటర్మిన్ సీసా దగ్గరికి కాదు, ముందు ఆ బస్కీల దగ్గరికి. రెంటినీ ఒకటే చేసి రాసే వార్త వల్ల సూదులమ్మేవాడికీ ఇబ్బంది లేదు. అతని పేరు ఏ శీర్షికలోనూ రాదు, పాల పౌడర్ డబ్బా ఫొటో వస్తుంది.

మా కుర్రాడికి ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు. కిడ్నీలు కోలుకున్నాయి. డిశ్చార్జి కాగితం మీద ప్రొటీన్ పౌడర్ వాడిన చరిత్ర ఉందని రాశారు, బస్కీల లెక్క లేదు. నెల తర్వాత వాడి సామాన్లు తెచ్చుకోవడానికి అకాడమీకి వెళ్తే గేటు పక్కన కొత్త బోర్డు కనిపించింది: "ప్రొటీన్ పౌడర్లు, సప్లిమెంట్లు వాడే అభ్యర్థులకు ప్రవేశం లేదు." లోపల, పొద్దున పదిన్నర ఎండలో, ఆలస్యంగా వచ్చినవాళ్లు వరసగా నిలబడి బస్కీలు తీస్తున్నారు.