ఫిజియో మందుల చీటీ రాయడం: అపోహలు - వాస్తవాలు

నేను బ్రిటన్‌లో ఒక జీపీ సర్జరీలో (ఇక్కడ ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌ని అలా అంటారు) ఫిజియోని, మందులు రాసే అర్హత కూడా ఉంది. మనవాళ్లు అడిగేవాటిలో తరచూ వచ్చేవి ఇవి.

అపోహ: ఫిజియో మందులు రాయడం చట్టవిరుద్ధం.

బ్రిటన్‌లో కాదు. డాక్టరుతో కలిసి ముందే రాసుకున్న ప్రణాళిక ప్రకారం రాయడానికి 2005లోనే వీలొచ్చింది. 2013లో చట్టం మార్చి సొంతంగా రాయనిచ్చారు. ప్రపంచంలో ఇలా చేసిన మొదటి దేశం ఇదే.

అపోహ: హెచ్‌సీపీసీ (బ్రిటన్‌లో ఫిజియోలను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ వస్తే రాసేయొచ్చు.

ఎమ్మెస్సీకి వచ్చే పిల్లల్లో ఇది బాగా ఉంది. వేరే కోర్సు చదవాలి, అనుభవమున్న ప్రిస్క్రైబర్ పర్యవేక్షణలో పనిచేయాలి, ఆ తర్వాతే రిజిస్టర్‌లో మీ పేరు పక్కన ఆ అర్హత ఎక్కుతుంది. జీపీ సర్జరీలో పేషెంట్లను నేరుగా చూసే ఫిజియోలందరికీ ఇది ఉండదు.

అపోహ: అర్హతుంటే ఏ మందైనా రాయొచ్చు.

మన పనికి సంబంధించినవే, మనకు బాగా తెలిసినవే రాయాలి. నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ 2019 ఏప్రిల్‌లో నియంత్రిత మందుల్లో చేరాక మేం సొంతంగా రాయలేం. నాకైతే పెద్ద బాధ లేదు. సయాటికాకి (నడుం నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) వాటిని ఇవ్వొద్దనే ఇక్కడి వైద్య మార్గదర్శక సంస్థ నైస్ కూడా చెబుతోంది.

అపోహ: ఇక వచ్చినవాళ్లందరికీ నొప్పి బిళ్లలే.

అసలు పని ఇక్కడే ఉంది. కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన, నడుం నొప్పి. "ఏం మందులు వాడుతున్నారండీ?" అంటే "బీపీ బిళ్ల తప్ప ఏం లేదమ్మా" అంటారు. ఆ బీపీ బిళ్ల రామిప్రిల్, దానితోపాటు మూత్రం ఎక్కువ పోవడానికి ఇంకొకటి. "నొప్పికి?" అని గుచ్చి అడిగితే, ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న డైక్లోఫినాక్ స్ట్రిప్పులు బయటపడతాయి. "అదేం మందు, నొప్పి బిళ్లేగా!" ఈ మూడూ కలిస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు, అందులోనూ వాంతులో విరేచనాలో పట్టుకుంటే మరీ ప్రమాదం. ముందు ఆ డైక్లోఫినాక్ ఆపించాలి, కిడ్నీ రక్త పరీక్ష చేయించాలి. డైక్లోఫినాక్ లాంటిదే నాప్రాక్సెన్, అది సరిపడేవాళ్లకైనా తక్కువ డోసు, తక్కువ రోజులు, అవసరమైతే తోడుగా గ్యాస్ బిళ్ల. చాలాసార్లు చీటీ లేకుండానే పంపుతాను. కొందరు మొహం మాడ్చుకుంటారు, ఏం చేస్తాం!

అపోహ: ఈ అర్హతతో ఇండియాలోనూ రాయొచ్చు.

కుదరదు. అక్కడ బీపీటీ, ఎంపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీలు) చదివినవాళ్లకు మందులు రాసే హక్కు లేదు, బ్రిటన్ సర్టిఫికెట్ చూపించినా అంతే. బంధువులు వాట్సాప్‌లో ఎంఆర్‌ఐ రిపోర్టు పంపి "ఏ బిళ్ల వాడమంటావ్?" అని అడిగితే, దగ్గర్లో డాక్టరుకు చూపించుకోమనే చెబుతాను.