ఎనిమిది టేబుళ్లు, ఒక్క స్కోరు: విదేశాల్లో వార్‌గేమింగ్ టీమ్ టోర్నీలు, అపోహలు - వాస్తవాలు

దేశం తరఫున టీమ్‌గా టేబుల్‌టాప్ వార్‌గేమ్ (బల్ల మీద సైనికుల బొమ్మలు జరుపుతూ, పాచికలు వేస్తూ ఆడే యుద్ధపు ఆట) ఆడటానికి వెళ్తున్నామని చెప్పగానే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. "అన్ని బొమ్మలు విమానంలో ఎలా తీసుకెళ్తారు?" అన్నది ఒకటి. "పాచికలాటే కదా, దానికి అంత ప్రాక్టీస్ ఎందుకు?" అన్నది రెండోది. రెండూ అడగదగ్గవే. నేను ముందు ఆటగాడిగా, తర్వాత కెప్టెన్‌గా ఈ టోర్నీలకు వెళ్తున్నాను. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ప్రతిసారీ కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు వార్‌హ్యామర్ 40,000 ఆట నుంచి, ఎనిమిది మంది టీమ్‌లుగా తలపడే వరల్డ్ టీమ్ చాంపియన్‌షిప్ పద్ధతి నుంచి తీసుకున్నాను.

అపోహ: ఎనిమిది మంది గట్టి ఆటగాళ్లు దొరికితే టీమ్ గెలిచినట్టే.

మాతో వచ్చిన మంచి ఆటగాళ్లు కూడా ఎక్కువగా ఇక్కడే దెబ్బతిన్నారు. సోలో టోర్నీలో ఓడితే ఓడినట్టే. 2 పాయింట్ల తేడాతో ఓడినా, 60 తేడాతో ఓడినా పట్టికలో అది ఓటమే. టీమ్ టోర్నీ లెక్క వేరు. ఎనిమిది ఆటలు ఒకేసారి నడుస్తాయి, ఒక్కో ఆటకు 20 పాయింట్లు. ఆటలో ఇద్దరూ తెచ్చుకున్న స్కోర్ల మధ్య తేడా 5 దాటకపోతే ఆ 20లో చెరో 10. ఆపైన ప్రతి 5 తేడాకు ఒక పాయింటు ఓడినవాళ్ల నుంచి గెలిచినవాళ్లకు వెళ్తుంది. తేడా 50 దాటితే 20-0. ఎనిమిది ఆటలూ కలిపి 160. టీమ్ గెలిచిందా లేదా అన్నది ఆ మొత్తాన్ని బట్టే.

అంటే చెడ్డ మ్యాచ్‌లో 2-18తో ఓడాల్సినవాడు 7-13తో ఓడి వస్తే, అతను టీమ్‌కు ఐదు పాయింట్లు సంపాదించి పెట్టినట్టు. పక్క టేబుల్‌లో 10-10 కావాల్సిన ఆటను ఎవరో 15-5తో గెలిస్తే వచ్చే లాభం కూడా అంతే.

ఒకసారి మా ఆఖరి రౌండ్‌లో మా వాడి ఆర్మీ నాలుగో టర్న్‌కే (వంతుకే) దాదాపు ఖాళీ అయిపోయింది. కూలిన గోడ వెనక ముగ్గురు సైనికులు, వాళ్ల కాళ్ల కింద ఒక ఆబ్జెక్టివ్ (పట్టు నిలుపుకుంటే స్కోరు తెచ్చే గుర్తు). అప్పటికి లెక్క 5-15 దగ్గర ఉంది. ఎదురుగా ఉన్న ట్యాంకును కొట్టే అవకాశం ఉంది, కొడితే చూడటానికి బాగుండేది కూడా. అతను కొట్టలేదు. ముగ్గురినీ గోడకు ఇంకాస్త లోపలికి జరిపి, బొమ్మల అడుగున ఉండే బేస్ అంచు కూడా బయటికి కనిపించకుండా సర్ది, టర్న్ ముగించాడు. అవతలి ఆటగాడు వంగి, ఒక కన్ను మూసి, తన ట్యాంకు వెనక నుంచి రెండు నిమిషాలు చూశాడు. ఏ కోణంలోనూ వాళ్లు కనిపించలేదు. ఆ ఆబ్జెక్టివ్ నిలబడింది. ఆట స్కోరులో మాకు 5 వచ్చాయి, అవతలివాళ్లకు వచ్చే 5 రాలేదు. తేడా 10 తగ్గి, ఆట 7-13 అయింది. టీమ్ మొత్తం 76. మేం ఆడిన పద్ధతిలో 75 నుంచి 85 వరకు డ్రా. ఆ రెండు పాయింట్లు లేకపోతే 74, ఓటమి. ఆ రాత్రి భోజనాల దగ్గర మేమంతా మాట్లాడుకున్నది 20-0తో గెలిచినవాడి గురించి కాదు, ఓడిపోయిన ఇతని గురించే.

అందుకే నేను మనిషిని ఎంచుకునేటప్పుడు ఎన్ని టోర్నీలు గెలిచాడని అడగను. ఓడిపోతున్న ఆటను చివరి టర్న్ దాకా విసుగు లేకుండా ఆడతాడా అని చూస్తాను.

అపోహ: ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీసి తేలుస్తారు. లిస్ట్ (ఎవరి ఆర్మీలో ఏ దళాలు ఉన్నాయో రాసిన జాబితా) మాత్రం రహస్యంగా దాచుకోవాలి.

రెండు టీమ్‌ల జతను నిర్వాహకులు నిర్ణయిస్తారు. టీమ్ లోపల ఎవరికి ఎవరు అన్నది ఇద్దరు కెప్టెన్లు ఎత్తుకు పైఎత్తు వేసి తేల్చుకుంటారు. ఇద్దరూ తమ వాళ్లలో ఒకరిని డిఫెండర్‌గా రహస్యంగా ఎంచుకుని, ఒకేసారి చూపిస్తారు. తర్వాత ఒక్కొక్కరు అవతలి డిఫెండర్ మీదకి ఇద్దరు అటాకర్లను చూపిస్తారు. ఆ ఇద్దరిలో ఒకరిని డిఫెండర్ వైపువాళ్లు ఎంచుకుంటారు, మిగిలినవాడు వెనక్కి వస్తాడు. ఇలా మూడుసార్లు నడిస్తే ఆరు ఆటలు తేలతాయి. చివరిసారి వద్దనుకున్న అటాకర్లు ఒకరితో ఒకరు, చేతిలో మిగిలినవాళ్లు ఒకరితో ఒకరు ఆడతారు.

లిస్టులు టోర్నీకి చాలా ముందే ఇచ్చేయాలి. అవి అన్ని టీమ్‌లకూ కనిపిస్తాయి, తర్వాత మార్చడానికి ఉండదు. కాబట్టి రహస్యం అంటూ ఏమీ మిగలదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఎదురయ్యే అవకాశమున్న ప్రతి టీమ్‌కూ ఒక పట్టిక వేస్తాం. మా ఎనిమిది మంది అడ్డంగా, వాళ్ల ఎనిమిది మంది నిలువుగా, మొత్తం 64 గడులు. ప్రతి గడిలో ఆ ఆట ఎంతకు ముగియవచ్చో ఆ ఆటగాడే రాయాలి. ఇక్కడ నిజాయితీ కావాలి. మొహమాటానికి 12 అని రాసి టేబుల్ దగ్గర 4 తెచ్చేవాడితో కెప్టెన్ అడకత్తెరలో పడతాడు. నేను కెప్టెన్ అయ్యాక వాళ్లకు చెప్పేది ఒకటే: "అన్నా, 5 అనిపిస్తే 5 అనే రాయి. నిన్ను ఆ మ్యాచ్ నుంచి తప్పించడం నా పని."

ఒక్కో ఫ్యాక్షన్‌ను (ఆటలో ఉన్న ఒక్కో రకం సైన్యాన్ని) టీమ్‌లో ఒక్కరే ఆడాలన్న నియమం కూడా ఉంటుంది. అందరూ ఆ నెల బలంగా ఉన్న ఆర్మీనే పట్టుకుంటామంటే కుదరదు. ఎవరో ఒకరు బలహీనమైన ఆర్మీని తీసుకుని, డిఫెండర్‌గా నిలబడటం నేర్చుకోవాలి.

అపోహ: చివరికి అంతా పాచికల అదృష్టమే.

ఒక్క దెబ్బలో అదృష్టం ఉంటుంది, కాదనను. కానీ ఒక్కో ఆటలో పాచికలు వందల సంఖ్యలో పడతాయి. 9 అంగుళాల దూరంలో ఉన్న శత్రువు మీదకి దూసుకెళ్లడానికి రెండు పాచికలు వేసి 9 లేదా ఆపైన తెచ్చుకోవాలంటే 36లో 10 అవకాశాలు, సుమారు 28 శాతం. అదే దళాన్ని ముందు టర్న్‌లోనే 2 అంగుళాలు దగ్గరగా నిలబెట్టి ఉంటే 7 చాలు, 58 శాతం. పాచిక తిరగబడిందని బాధపడే ఆటగాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక టర్న్ వెనక్కి వెళ్లి చూపిస్తే చాలాసార్లు ఆ 2 అంగుళాలే కనబడతాయి.

అపోహ: ఆర్మీని చెక్-ఇన్ బ్యాగులో గట్టిగా చుట్టి వేస్తే సరిపోతుంది.

వేయకండి. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. 2,000 పాయింట్ల (ఇవి స్కోరు కాదు, ఆర్మీ పరిమాణానికి లెక్క) ఆర్మీకి రంగులు వేయడానికి నెలలు పడుతుంది. మాలో ఒకరి బ్యాగు ఆలస్యంగా వచ్చింది. మొదటి రౌండ్‌ను అతను పక్క దేశం టీమ్ దగ్గర అరువు తెచ్చుకున్న బొమ్మలతో ఆడాడు. వాళ్లు మంచి మనసుతో ఇచ్చారు కానీ, పరాయి బొమ్మల్లో ఏది ఏ ఆయుధమో గుర్తుపట్టడంలోనే అతని ఆట సమయం కరిగిపోయింది.

చేతి బ్యాగు బరువు పరిమితి విమాన సంస్థను బట్టి మారుతుంది, టికెట్ కొనే ముందే చూసుకోండి. ప్లాస్టిక్ ఆర్మీ పెద్ద బరువేమీ ఉండదు. బరువంతా పెట్టెదే. అందుకే చాలామంది బేస్‌ల కింద చిన్న అయస్కాంతాలు అతికించి, అడుగున పల్చటి ఇనుప రేకు వేసిన తేలికపాటి ప్లాస్టిక్ పెట్టె వాడతారు. రేకు ఎక్స్‌రేలో ముదురుగా కనబడుతుంది కాబట్టి సెక్యూరిటీ వాళ్లు తెరవమనే అవకాశం ఎక్కువ. పెట్టెను బ్యాగులో పైనే ఉంచి, టేపులు చుట్టకుండా, మీరే తెరిచి చూపించేలా పెట్టుకోండి. ఫోన్‌లో ఆర్మీ ఫొటో ఒకటి ఉంటే మాట త్వరగా తెగుతుంది. పొడవైన బల్లేలు, జెండాలు, రెక్కలు ఊడి వచ్చేలా అయస్కాంతంతో పెట్టుకుంటే సగం విరుగుళ్లు తప్పుతాయి.

టెర్రైన్ (టేబుల్ మీద పెట్టే గోడలు, శిథిలాల నమూనాలు) గానీ, పెద్ద బొమ్మలు గానీ తప్పనిసరై చెక్-ఇన్ చేస్తే, దిగగానే బెల్టు దగ్గరే పెట్టె తెరవండి. ఏదైనా విరిగితే ఎయిర్‌పోర్టు దాటకముందే కౌంటర్‌లో రాయించండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ కన్వెన్షన్ అనే ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న లగేజీకి 7 రోజుల్లోపు, ఆలస్యంగా వచ్చినదానికి అది చేతికందాక 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 2024 డిసెంబర్ 28 నుంచి పరిహారం గరిష్ఠ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్క యూనిట్లు). కానీ చేత్తో వేసిన రంగులకు ఏ కౌంటరూ వెల కట్టదు.

అపోహ: రిపేరు సామాను మొత్తం వెంట ఉండాలి.

స్ప్రే ప్రైమర్, స్ప్రే వార్నిష్ డబ్బాలు మండే స్వభావం ఉన్నవి, చెక్-ఇన్‌లోనూ చేతి బ్యాగులోనూ నిషేధం. ప్లాస్టిక్ సిమెంట్ కూడా మండేదే, అదీ వద్దు. నీళ్లలో కరిగే యాక్రిలిక్ రంగులకు ఇబ్బంది లేదు, కేబిన్‌లో మాత్రం సాధారణంగా సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు. హాబీ కత్తి చెక్-ఇన్‌లోనే, తొడుగుతో. పవర్ బ్యాంక్ దీనికి పూర్తి వ్యతిరేకం, అది చేతి బ్యాగులోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, మామూలుగా అనుమతించే 100కి లోపే. జిగురు దిగాక అక్కడే కొనుక్కోండి. అంగుళాల టేపు మాత్రం ఇంటి నుంచే రెండు తీసుకెళ్లండి. సెంటీమీటర్ల గుర్తులే ఉన్న టేపు మన ఆటకు పనికిరాదు.

అపోహ: ఇంగ్లీష్ బాగా రాకపోతే మోసపోతాం. చెస్ క్లాక్ (ఇద్దరి సమయాన్నీ విడివిడిగా లెక్కపెట్టే గడియారం) పెడదామంటే అవతలివాళ్లు అవమానంగా తీసుకుంటారు.

ఈ టోర్నీలకు వచ్చేవాళ్లలో ఎందరికో ఇంగ్లీష్ సొంత భాష కాదు. కావాల్సినవి ఇరవై ముప్ఫై మాటలు, వాటిని బయటికి అనే అలవాటు. "నీ ట్యాంకుకు కనబడకుండా వీళ్లను ఇక్కడ పెడుతున్నాను, ఒప్పుకుంటావా?" అని ఆ క్షణమే అడిగితే, తర్వాత మిల్లీమీటరు దగ్గర గొడవే రాదు. అవతలివాడు వంగి చూసి తలూపుతాడు, అంతే. ఒప్పందం కుదరకపోతే క్లాక్ ఆపి రిఫరీని పిలవండి. పిలవడం తప్పేమీ కాదు, గొంతు పెంచడం తప్పు.

క్లాక్‌లో అవమానం ఏమీ లేదు, అది ఇద్దరికీ సమాన న్యాయం. క్లాక్ లేని చోట నెమ్మదిగా ఆడేవాడు తెలియకుండానే ఎదుటివాడి చివరి టర్న్‌లు తినేస్తాడు. ఇంటి దగ్గర ప్రాక్టీస్ ఆటలన్నీ క్లాక్‌తోనే ఆడండి. లేకపోతే అక్కడ మూడో టర్న్‌కే టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: వీసాకు టూరిస్ట్ అని రాసేస్తే చాలు. ముందు రోజు రాత్రి దిగితే చాలు.

షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో) టోర్నీ అయితే, వీసా నియమాల్లో క్రీడా, సాంస్కృతిక కార్యక్రమాలకు వెళ్లేవాళ్లు చూపాల్సిన కాగితాలు విడిగానే ఉన్నాయి. నిర్వాహకుల ఆహ్వాన పత్రం, పేరు నమోదైనట్టు కాగితం, కార్యక్రమ వివరాలు అడిగి తెప్పించుకోండి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, ఒక్కోసారి 45 రోజులూ పట్టొచ్చు. ఎనిమిది మందిలో ఒక్కరి వీసా ఆగినా ఆ పెయిరింగ్ పట్టికలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయాలి.

నిద్ర సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. గంట తేడాకు సుమారు ఒక రోజు చొప్పున ఒంటికి సర్దుకునే సమయం కావాలి. రోజంతా నిలబడి, వంగి, కొలిచి, లెక్కలు వేసే ఆట ఇది. కనీసం రెండు రాత్రులు ముందు దిగండి.

అపోహ: చివరి రౌండ్ అయిపోతే పని అయిపోయినట్టే.

మా బొమ్మలు ఎక్కువగా విరిగింది వెళ్లేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. అలిసిపోయి, ఫలితాలు వినాలన్న తొందరలో, బొమ్మలను కుప్పగా పెట్టెలో పడేస్తారు. ఇప్పుడు మా టీమ్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెట్టెలో ఏ వరుసలో ఏ దళం ఉండాలో బయల్దేరే ముందే ఫొటో తీస్తాం, ఆట ముగిశాక ఆ ఫొటో చూసి సర్దుతాం. ఒకరు సర్దుతుంటే ఇంకొకరు మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ టార్చ్ వేసి టేబుల్ కింద వెతుకుతారు. ప్రతిసారీ ఏదో ఒకటి దొరుకుతుంది. పోయినసారి బియ్యపు గింజంత చెయ్యి ఒకటి దొరికింది. మాది కాదు. పక్క టేబుళ్ల దగ్గర తిరిగి, నాలుగో టేబుల్‌లో దాని యజమానిని పట్టుకున్నాం.