కారుతో సహా సముద్రం దాటేవారికి: ఫెర్రీ ప్రయాణంపై అపోహలు – వాస్తవాలు

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు ప్రాంతాల నుంచి మగ్గాల పనికి, కూలి పనికి తరాల క్రితమే సూరత్, భివండి, ముంబయి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు వారిని చూడబోయే బంధువులు సెలవుల్లో సొంత కార్లలోనే సూరత్ దాకా వెళ్తున్నారు. అంత దూరం వెళ్లాక అటునుంచి అటే సోమనాథ్, ద్వారక దర్శనాలు కూడా చేసుకుని రావాలనుకుంటున్నారు. ఫెర్రీ, అంటే మనుషులతో పాటు వాహనాలనూ దాటించే ఓడ, మాట వచ్చేది అక్కడే. సూరత్ పక్కనున్న హజీరా నుంచి భావనగర్ దగ్గరి ఘోఘాకు రోడ్డు మార్గంలో దాదాపు 370 కిలోమీటర్లు చుట్టి వెళ్లాలి. ఖంభాత్ సింధుశాఖను ఓడలో అడ్డంగా దాటితే ఆ దూరం 90 కిలోమీటర్లే. 2020 నవంబరు 8న ఈ మార్గం ప్రారంభమైనప్పుడు ప్రకటించిన సామర్థ్యం ప్రకారం ఒకే ఓడలో 500 మంది ప్రయాణికులు, 100 కార్లు, 30 లారీలు పడతాయి. పది పన్నెండు గంటల ప్రయాణం సుమారు నాలుగు గంటల్లో ముగుస్తుంది.

ఇలాంటి ఓడల్లో వాహనాలను ఎక్కించడం, వాటిని కట్టించడం పర్యవేక్షించే డెక్ అధికారిగా పనిచేస్తున్నాను. సొంత ఊరు నల్లగొండ కావడం వల్ల మనవాళ్ల సందేహాలు తరచుగా నా దాకా వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం సముద్రం గురించే ఉంటాయి. కారు ఫెర్రీ క్షేమం మాత్రం చాలావరకు రేవు విడవకముందే, కింది అంతస్తులోని కార్ డెక్ మీద నిర్ణయమైపోతుంది. ప్రయాణికులకు ఈ విషయం తెలిస్తే మా సగం పని సులువవుతుంది.

అపోహ: పెద్ద అలలు వస్తే ఓడ మునిగిపోతుంది, సముద్రం ప్రశాంతంగా ఉంటే ఏ భయమూ లేదు.

కృష్ణను పుట్టిలోనో చిన్న మర పడవలోనో దాటిన పాలమూరు వారికి ఈ భయం ఉండటం సహజం. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని నది ఒడ్డు గ్రామాలు ఇప్పటికీ మరచిపోలేదు. అయితే చిన్న పడవ మునిగే తీరు వేరు, కారు ఫెర్రీ మునిగే తీరు వేరు. కార్లు, లారీలు ఒక కొస నుంచి మరో కొసకు నడవాలి కాబట్టి ఈ ఓడల్లో కార్ డెక్‌ను అడ్డుగోడలు లేని ఒకే పెద్ద హాలుగా కడతారు. ఆ హాలులోకి నీళ్లు చేరితే, వెడల్పాటి తాంబాళంలో నీళ్లు పోసి మోసుకెళ్తున్నప్పుడు జరిగినట్లే, ఓడ ఏ కాస్త ఒరిగినా నీళ్లన్నీ ఒక్కసారిగా ఆ వైపుకే పరుగెత్తి ఆ ఒరుగుడును ఇంకా పెంచుతాయి. డెక్ మీద నిలిచిన నీరు లోతు తక్కువే అయినా అంత పెద్ద ఓడ స్థిరత్వాన్ని దెబ్బతీయగలదు.

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు నుంచి ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే బయలుదేరింది. ఆ రోజు సముద్రం ప్రశాంతంగానే ఉన్నా, వేగం పెంచేసరికి కార్ డెక్‌లోకి నీళ్లు ఎక్కి ఓడ నిమిషాల్లో పక్కకు పడిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు మూసుకున్నదీ లేనిదీ పైనున్న బ్రిడ్జికి, అంటే ఓడను నడిపే గదికి, తెలిపే దీపాలను అంతర్జాతీయ నిబంధనలు తప్పనిసరి చేసింది ఆ తర్వాతే. 1994 సెప్టెంబరు 28న బాల్టిక్ సముద్రంలో ‘ఎస్టోనియా’ అనే ఫెర్రీ మునిగి 852 మంది ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు తుఫాను ఉన్న మాట నిజమే కానీ, ముందు భాగంలోని కవచం తాళాలు తెగి అది ఊడిపోవడంతో కార్ డెక్‌లోకి నీళ్లు చేరాయి. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో ఇంచన్ నుంచి జెజు ద్వీపానికి వెళ్తున్న ‘సెవోల్’ పరిమితికి మించిన సరుకుతో, ఆ సరుకును సరిగా కట్టకుండా, ఓడ ఒరగకుండా అడుగున నింపే బ్యాలస్ట్ నీరు ఉండవలసినంత లేకుండా బయలుదేరింది. ఒక మలుపులో సరుకంతా పక్కకు జారి ఓడ తిరగబడటంతో 304 మంది మరణించారు, వారిలో ఎక్కువమంది బడి పిల్లలు. ఈ మూడింటిలోనూ మొదటి తప్పు వాహనాలు, సరుకు ఉండే చోటే, తలుపులోనో తాళంలోనో కట్టుతాళ్లలోనో జరిగింది. అందుకే తలుపు మూసుకున్నట్లు కంటితో చూసి, బ్రిడ్జికి కబురు అందే వరకు మేము కదలం. దాని వల్ల పది నిమిషాలు ఆలస్యమైనా దయచేసి విసుక్కోకండి.

అపోహ: మా కారులో మేము కూర్చుంటే ఎవరికి నష్టం?

దాదాపు ప్రతి సర్వీసులోనూ ఈ మాట వినబడుతుంది. ఒకసారి మన జిల్లా వాహనంలో వెనుక సీటులో కూర్చున్న పెద్దావిడ, ‘బిడ్డా, మోకాళ్లు పట్టేసినయ్, నేను కారులనే కూసుంట, మీరు పైకి పోండ్రి’ అన్నారు. ‘అమ్మా, ఇక్కడ ఎవ్వరూ ఉండొద్దు. లిఫ్టు ఉన్నది, నేనే తీసుకపోత’ అని చెప్పి ఆమెను పైకి తీసుకెళ్లాము. ఇలాంటి వారి కోసం ముందే అడిగితే లిఫ్టుకు దగ్గరగా కారు నిలిపే ఏర్పాటు చేయవచ్చు. ఓడ నడుస్తుండగా కార్ డెక్‌లో మనుషులు ఉండకూడదనడానికి బలమైన కారణాలు ఉన్నాయి. వాహనాల మధ్య సందు ఒక మనిషి అడ్డంగా నడిచేంత కూడా ఉండదు. లారీ కట్టు తెగితే తప్పుకునే చోటు లేదు. మంటలు లేస్తే పొగ ఆ హాలును చాలా త్వరగా నింపేస్తుంది. అక్కడ పైకప్పులో నీళ్లు చల్లే గొట్టాలు ఉంటాయి, మంట కనబడగానే ఆ భాగమంతా ముంచెత్తుతాం. లోపల ఎవరైనా ఉన్నారేమోనన్న సందేహం ఉంటే ఆ నిర్ణయమే ఆలస్యమవుతుంది. కొంకణ్ తీరంలోని చిన్న దాటింపుల్లో, పైకప్పు లేని ఫెర్రీల మీద కొద్ది నిమిషాల పాటు జనం వాహనాల పక్కనే నిలబడతారు. ఆ అలవాటు మూసి ఉన్న డెక్‌కు పనికిరాదు. కాబట్టి మందులు, నీళ్లు, పిల్లల పాలు, చలి గుడ్డలు ముందే ఒక సంచిలో పెట్టుకుని పైకి తెచ్చుకోవాలి. మధ్యలో కిందికి పంపమంటే పంపలేము.

అపోహ: డిక్కీలో చిన్న సిలిండరే కదా.

మనవాళ్ల యాత్రలకు వంట సామాను లేకుండా జరగదని నాకు తెలుసు. బియ్యం, పప్పు, కారప్పొడి, స్టవ్వు, వీటన్నిటితో పాటు గ్యాస్ సిలిండర్ కూడా డిక్కీలో ఉంటుంది. ఆరుబయట అది పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. కానీ వంట గ్యాస్ గాలి కన్నా బరువైనది కాబట్టి, మూసి ఉన్న డెక్‌లో లీకైతే పైకి పోకుండా కిందనే పరచుకుంటుంది. కార్లు దిగేటప్పుడు పదుల ఇంజన్లు ఒకేసారి స్టార్ట్ అవుతాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. డబ్బాల్లో విడిగా తెచ్చే పెట్రోలు, డీజిలు సంగతీ ఇంతే. సిలిండర్ ఉంటే దాచకుండా బుకింగ్ సమయంలోనే చెప్పండి, అనుమతించని చోట ఇంటి దగ్గరే వదలిరండి. సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ కార్లకు ఒక్కొక్క సంస్థ నిబంధన ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి టికెట్టు తీసేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

దీనికి సంబంధించినదే మరొక మాట. కారు దిగేటప్పుడు కొందరు చిప్స్ ప్యాకెట్లు, పాత పేపర్లు, ప్లాస్టిక్ సంచులు డెక్ మీదే పారేస్తారు. డెక్ అంచుల్లో నీళ్లు బయటికి పోయే రంధ్రాలు ఉంటాయి, ఈ చెత్తంతా చేరి వాటిని మూసేస్తుంది. 2006 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో ‘అల్ సలామ్ బొకాచియో 98’ అనే ఫెర్రీ కార్ డెక్‌లో మంటలు లేచాయి. ఆర్పడానికి పోసిన నీళ్లు బయటికి పోక డెక్ మీదే నిలిచి, ఓడ ఒరిగి మునిగింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. మా సిబ్బంది ప్రతి సర్వీసుకు ముందు ఆ రంధ్రాలను వంగి చేత్తో శుభ్రం చేస్తారు. మీరు చెత్త వేయకపోతే వారికి మీరు చేయగలిగిన పెద్ద సాయం అదే.

అపోహ: ముందు వచ్చినవారిని ముందు ఎక్కించకపోవడం పక్షపాతం.

వరుసలో మొదటి కారును ఆపి, వెనుక వచ్చిన లారీని ముందు పంపితే గొడవకు దిగేవారున్నారు. బరువు ఓడకు రెండు వైపులా, ముందూ వెనకా సరిపడేలా చూడటం నా బాధ్యత. లారీలు ఎక్కడ, కార్లు ఎక్కడ, ఎత్తు తక్కువ ఉన్న చోట ఏవి పట్టాలి అన్నది ముందే లెక్క వేసుకుంటాము. మీ కారు మీద క్యారియర్ పెట్టి సామాను కడితే దాని ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి బుకింగ్‌లో కొలత సరిగా చెప్పాలి. కారు నిలిపాక హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, గేరులో ఉంచి, దొంగల అలారం తీసేయాలి. ఓడ ఊగుడుకు ఆ అలారాలు మోగుతూనే ఉండి, దిగే సమయానికి బ్యాటరీ దిగిపోయిన కార్లు దారికి అడ్డంగా నిలబడటం నేను తరచుగా చూసే దృశ్యం. దిగేటప్పుడు మా మనిషి చేయి ఊపే వరకు ఇంజన్ స్టార్ట్ చేయకండి.

అపోహ: వాన లేకపోతే ఓడ తప్పకుండా నడుస్తుంది.

వాన మాకు పెద్ద లెక్క కాదు. గాలి, అలలు, ఆటుపోట్లు, ఇవీ మేము చూసేవి. నాగార్జునసాగర్‌లో నీటిమట్టం నెలల తరబడి మెల్లగా పెరిగి తగ్గుతుంది. ఖంభాత్ సింధుశాఖలో మాత్రం ఆరు గంటల్లోనే పోటుకూ ఆటుకూ మధ్య తేడా కొన్ని రోజుల్లో పది మీటర్ల వరకు ఉంటుంది. కారు ఎక్కే ర్యాంపు వాలు, రేవులో ఓడకు చాలినంత లోతు, రెండూ దాని మీదే ఆధారపడతాయి. ఇదే సింధుశాఖలో 2017 అక్టోబరులో మొదలైన ఘోఘా–దహేజ్ ఫెర్రీ నిలిచిపోవడానికి ఇసుక, బురద పూడిక వల్ల లోతు చాలకపోవడమే కారణం. అందుచేత సమయాలు మారవచ్చు, సర్వీసు రద్దు కావచ్చు. తిరుగు రైలో, పెళ్లి ముహూర్తమో అదే రోజున పెట్టుకోకుండా ఒక రోజు చేతిలో ఉంచుకోవడం మంచిది.

వాంతుల భయం ఉన్నవారు ఖాళీ కడుపుతో వస్తే మేలని అనుకుంటారు, అది తప్పు. తేలికగా తిని, ఓడ మధ్య భాగంలో కూర్చుని, ఫోను పక్కన పెట్టి దూరంగా ఆకాశం, సముద్రం కలిసే అంచును చూడాలి. మాత్ర వేసుకునేట్టయితే డాక్టరును అడిగి, ఎక్కకముందే వేసుకోవాలి.

విశాఖ నుంచి అండమాన్‌కు కారుతో వెళ్లవచ్చా అని చాలామంది అడుగుతారు. ఆ ఓడలు ప్రయాణికులవే, కారు ఫెర్రీలు కావు. పిల్లలు సియాటిల్ వైపు ఉన్నవారికి నిజమైన దూర ప్రయాణం అందుబాటులో ఉంది: అలాస్కా తీరం వెంబడి ప్రభుత్వ ఫెర్రీలు 1963 నుంచి నడుస్తున్నాయి, ఇప్పుడు అవి బయలుదేరే బెల్లింగ్‌హామ్ రేవు నుంచి మొదటి రేవు కెచికాన్ చేరడానికే ఒకటిన్నర రోజు పడుతుంది. గది తీసుకోకపోతే పై డెక్ మీద పడుకోవచ్చు. అక్కడ కూడా కార్ డెక్‌కు వెళ్లనిచ్చేది రేవుల్లోనూ, ప్రకటించిన కొద్ది సమయాల్లోనూ మాత్రమే. కారులో ఉంచిన కుక్కపిల్లకు అన్నం పెట్టాలన్నా ఆ వేళ కోసం ఆగాల్సిందే.

ఎక్కగానే చేయవలసినవి రెండున్నాయి. మీ సీటు దగ్గరి నుంచి గుమిగూడే స్థలానికి దారి ఒకసారి నడిచి చూడండి. ఏడు చిన్న కూతలు, ఒక పొడవాటి కూత వినబడితే సామాను వదిలేసి అక్కడికి రావాలి. లైఫ్ జాకెట్లలో పిల్లల సైజు వేరుగా ఉంటుంది, మీకు అందే చోట లేకపోతే సిబ్బందిని అడిగి ఎక్కడుందో చూపించమనండి.