తాగునీటి రిపోర్టు పాసైతే చెరువు బాగున్నట్టేనా?

పోయిన వానాకాలం హన్మకొండ దగ్గరి ఒక ఊరి మత్స్యకారుల సొసైటీ పెద్దాయన నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టాడు. వదిలిన చేపపిల్లలు పది రోజులకే తేలాయట. "పాస్ అనే ఉన్నది గద సారూ, మరెందుకు చచ్చినయ్?"

రిపోర్టులో తప్పు లేదు. అందులో వేసింది తాగునీటి లెక్క, అంతే.

అపోహ: మనిషి తాగగలిగే నీళ్ళు చేపలనేం చేస్తాయి?

వాస్తవం: పత్తికీ వరికీ కొట్టే క్లోరిపైరిఫాస్‌నే తీసుకోండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 30 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. మంచినీటి జీవుల కోసం అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు, కాసేపు తగిలినా దాటకూడనిది, 0.083 మైక్రోగ్రాములే. అంటే 360 రెట్ల తేడా! ఈ మందు పనిచేసేది పురుగు నరాల మీద. చేనులో పురుగా, చెరువులో డాఫ్నియా అనే చిట్టి నీటి జీవా అని అది చూడదు. చిట్టి చేపపిల్లలకు మేత ఆ డాఫ్నియాలే. అవి పోతే నాచును మేసేవీ ఉండవు, నీళ్ళు పచ్చబడతాయి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. చెరువు ముప్పు తేల్చాలంటే దొరికిన మోతాదును జీవుల హద్దుతో భాగించాలి. 1 దాటితే ఆలోచించాల్సిందే.

ఇక శాంపిల్. చేపలు చచ్చిన వారానికి, కూల్‌డ్రింక్ సీసాలో తెచ్చారు. ఈ మందు ప్లాస్టిక్‌కూ బురదకూ అంటుకుంటుంది, నీళ్ళలో తక్కువే కనిపిస్తుంది. ముదురు రంగు గాజు సీసా, ఐస్ డబ్బా కావాలి. అడుగు బురద కూడా తీయాలి. ఆయన్ని తప్పుపట్టను. అప్పు చేసి చేపపిల్లలు వదిలినవాళ్ళకు 'పాస్' అన్న మాటే ధైర్యం. ఆ ధైర్యంతోనే మళ్ళీ వదులుతారు, మళ్ళీ మునుగుతారు.

మిగతావి గబగబా. చేపలు తేలగానే 'ఎవడో విషం కలిపిండు' అని ఊళ్ళో కొట్లాటలు వద్దు. చాలాసార్లు అసలు కారణం ఆక్సిజన్ పడిపోవడమే. తెల్లారకముందే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయేమో చూడండి. 'చెరువు చేపలో మందు దొరికింది, క్యాన్సరే' అనే వాట్సాప్ ముచ్చట్లకు టెన్షన్ పడకండి. ఎంత దొరికిందో అడగండి. చచ్చి తేలినవి మాత్రం తినొద్దు, అమ్మొద్దు.

ఈ ఏడు తొలకరికి పెద్దాయనే ఫోన్ చేశాడు. "గట్టి వాన పడ్డది సారూ, గాజు సీస తెచ్చిన. మత్తడి కాడ తియ్యాల్నా?"

"కాదు కాకా, పత్తి చేన్ల నీళ్ళు చెరువులో కలిసే కాల్వ కాడ. ఇప్పుడే పో."