మాది పైలింగ్ బిల్డింగే కదా, ఏమవుతుంది?

పక్క స్థలంలో పొక్లెయిన్ దిగిన మర్నాడే నాకు ఫోన్లు మొదలవుతాయి. లాసన్స్ బే నుంచైనా, సీతమ్మధార నుంచైనా ప్రశ్న ఒక్కటే: "సార్, వాళ్లు మూడు సెల్లార్లు తవ్వుతున్నారు. మాది పైలింగ్ బిల్డింగే. మాకేం కాదు కదా?" విశాఖలో పునాదుల పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. ఈ ప్రశ్న వినని నెల లేదు. పైల్స్ అంటే భూమి లోతుకు దింపే కాంక్రీటు స్తంభాలు, వాటి మీద కట్టిందే పైలింగ్ బిల్డింగ్.

అపోహ: పైల్స్ రాతిదాకా దిగాయి కాబట్టి పక్క గొయ్యితో మనకు సంబంధం లేదు.

జనానికి ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. ఈ ధీమాతోనే తవ్వకం మొదలయ్యే ముందు ఫొటోలు తీయించుకోరు, షోరింగ్ (గొయ్యి అంచు మట్టి కూలకుండా పెట్టే ఆసరా) డ్రాయింగ్ అడగరు. తర్వాత బీటలు పడితే "అవి పాతవే" అని అవతలివాళ్లు అంటారు. కాదని చూపించడానికి వీళ్ల దగ్గర ఒక్క కాగితం ఉండదు.

మామూలు అపార్ట్‌మెంటు పైల్‌ని ముఖ్యంగా నిలువు బరువుకి డిజైన్ చేస్తాం. గాలికీ, భూకంపానికీ పక్కబలం కొంత లెక్కేస్తాం. చుట్టూ ఉన్న మట్టే జరిగిపోతుందని మాత్రం లెక్కలో ఉండదు. గొయ్యి తవ్వితే అటువైపు ఆసరా పోతుంది. షోరింగ్ ఎంత గట్టిదైనా కొంత లోపలికి వంగుతుంది, దాని వెనక మట్టి కదులుతుంది. పైన క్యాప్ (పైల్స్ తలల్ని కలిపే కాంక్రీటు దిమ్మ), కింద రాయి పట్టి ఉంచిన పైల్‌ని ఆ మట్టి నడుం దగ్గర తోస్తుంది.

ఇంకొకటి, మట్టి పక్కకే కాదు, కిందికీ దిగుతుంది. నిన్నటిదాకా పైల్‌ని ఒరిపిడితో పట్టి నిలిపిన మట్టే ఇప్పుడు దాన్ని కిందికి లాగుతుంది. మోసేవాడే భుజమెక్కి కూర్చున్నట్టు. రాతి మీద ఆనిన పైల్ పెద్దగా దిగదు కానీ దాని మీద భారం పెరుగుతుంది. ఒరిపిడి మీదే ఆధారపడిన పైల్ దిగుతుంది. పైల్ కింది కొస గొయ్యి అడుగుకన్నా పైనే ఉంటే మరీ ప్రమాదం.

2009 జూన్ 27న షాంఘైలో, కడుతున్న 13 అంతస్తుల భవనం మొత్తంగా పక్కకు పడిపోయింది. ఒకవైపు సెల్లార్ కోసం 4.6 మీటర్లు తవ్వారు, రెండోవైపు మట్టిని సుమారు 10 మీటర్ల ఎత్తు పోశారు. కింద పైల్స్ విరిగాయి. ఒక కార్మికుడు చనిపోయాడు. చదివి భయపడకండి, అక్కడ రెండు తప్పులూ ఒకేసారి జరిగాయి. కానీ తవ్విన మట్టిని మీ ప్రహరీ పక్కన కుప్ప పోస్తుంటే మాత్రం ఆ రోజే ఆపించండి.

పైలింగ్ బిల్డింగ్‌లో మొదటి సూచన ఫ్లాట్లలో కనపడదు, పార్కింగ్‌లో కనపడుతుంది. బీచ్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌కి వెళ్తే, పై అంతస్తుల్లో గీత కూడా లేదు. కింద పిల్లర్ల చుట్టూ టైల్స్ మాత్రం వేలు దూరేంత దిగిపోయాయి. పిల్లర్లు ఉన్నచోటే ఉన్నాయి, నేల దిగింది. డ్రైనేజీ పైపు చాంబర్ దగ్గర తెగి, ఆ నీళ్లన్నీ గొయ్యి వైపు మట్టిలోకే ఇంకుతున్నాయి.

గ్రౌండ్ ఫ్లోర్ మామ్మగారు నన్ను పిలిచి తలుపు పైన సన్నటి బీట చూపించారు. దాని రెండు కొసలకూ పెన్సిల్‌తో గీత, పక్కన తేదీ. "పడిపోతుందా బాబూ?" అన్నారు. "లేదు మామ్మగారూ, ఇది ప్లాస్టరింగ్ బీట. మీరు చేసిన పని మాత్రం చాలా మంచిది" అన్నాను. తలుపులు బిగుసుకుపోతున్నా, ఏటవాలు బీటలు వారం వారం వెడల్పవుతున్నా అప్పుడు కంగారుపడాలి.

తర్వాత గొయ్యి దగ్గరికెళ్లి, మోటారు తోడి పోస్తున్న నీళ్లు వాటర్ బాటిల్‌లో పట్టాను. పది నిమిషాల్లో అడుగున రెండు వేళ్ల మందాన ఇసుక పేరుకుంది. అంటే నీళ్లతోపాటు వీళ్ల బిల్డింగ్ కింది నేల కూడా బయటికి పోతోంది. ఇది ఎవరైనా చేసుకోగల పరీక్ష. నీళ్లు తేటగా వస్తున్నా నిశ్చింత లేదు. భూగర్భ నీటిమట్టం మీటరు తగ్గితే కింది మట్టి మీద చదరపు మీటరుకు సుమారు టన్ను భారం పెరుగుతుంది. పోర్టు వైపు మెత్తటి బంకమట్టి ఆ భారానికి నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది.

అపోహ: మన ఎర్రమట్టి గోడలా నిలబడుతుంది, షోరింగ్ దండగ.

ఎండలో నిలబడుతుంది. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకి వాన ఆ మట్టిని ఎలా కోసేస్తుందో చెప్పక్కర్లేదు. అక్టోబరులో తుఫాను వస్తుందని తెలిసీ ఆసరా లేని గొయ్యి తెరిచి ఉంచడం నేను ఒప్పుకోను.

మిగతావి క్లుప్తంగా. "గొయ్యికీ మాకూ మధ్య పది అడుగులు వదిలారు" అంటే చాలదు, గొయ్యి లోతుకు రెండింతల దూరం దాకా నేల కదలొచ్చు. రాయి పగలగొట్టే బ్రేకర్ చప్పుడుకి గిన్నెలు అదిరినంత మాత్రాన పునాది పోదు.

ఆ బీచ్ వైపు సైట్‌లో మోటార్లు ఆపించి, ఇసుక జారుతున్న సందుల్ని గ్రౌటింగ్‌తో (సిమెంటు పాలు ఎక్కించి) మూయించి, గొయ్యికి అడ్డంగా స్టీలు స్ట్రట్లు (ఆసరా దూలాలు) పెట్టించాం. మూడు వారాలకి నేల ఎంత దిగిందో చూపే సెటిల్‌మెంట్ మార్కర్ల రీడింగులు నిలకడకొచ్చాయి. మామ్మగారు ఇప్పటికీ ఆదివారం ఉదయం ఫోన్ చేసి, బీట పెన్సిల్ గీత దాటలేదని చెబుతారు.